బంగారు మూత

బావగారికి రెండు జబ్బులు. ఒకటి శ్లేష, రెండోది శ్లేష్మం. రెండోది చలి పడితేనే వస్తుంది, మాత్ర వేస్తే పోతుంది. మొదటిది మాత్రం మాత్రలకు లొంగే రకం కాదు. ఎదుటివాడు ఒక మాట అంటే దాని తోక పట్టుకుని రెండో అర్థాన్ని బయటికి లాగి పడేసేదాకా ఆయనకు ఊపిరాడదు. ఆయన్ను బావగారని పిలిచేవాళ్ళలో ముప్పాతిక మందికి ఆయన ఏమీ కారు. ఎవరినైనా ఆటపట్టించే హక్కు బావకే ఉంటుంది కనుక, ఆ హక్కును ఆయన ఎవరినీ అడక్కుండానే తీసేసుకున్నారు కనుక, ఆ పిలుపు అలా స్థిరపడిపోయింది.

ఆయనది కప్పుల వ్యాపారం. టీ పోసుకునే కప్పులు కావు, పోటీల్లో గెలిచినవాళ్ళ చేతిలో పెట్టే కప్పులు. వాటితో పాటు షీల్డులు, జ్ఞాపికలు, తలుపులకు బిగించే పేరు పలకలు. "పైన కప్పు, అరలో కప్పు, మధ్యలో లోకం కళ్ళు కప్పేది నేను" అని షాపులో అడుగుపెట్టిన ప్రతి మనిషితోనూ అనేవారు. వచ్చిన మనిషి నవ్వేవాడు. మర్నాటి సభకు షీల్డు కావాలి, దాని మీద పేరు తప్పుల్లేకుండా చెక్కించుకోవాలి, నవ్వక ఏం చేస్తాడు. బావగారు మాత్రం నవ్వంటే నవ్వే అనుకునేవారు. అందులో రకాలుంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ షాపు ప్రతిష్ఠంతా ఒక పూతలో ఉంది. చెక్క మీదో ప్లాస్టిక్ మీదో పలుచని ఇత్తడి రేకును పొర మీద పొరగా పరిచి, మెత్తని కుంచెతో అదిమి, పైన వార్నిష్ పట్టిస్తే, అతుకు కనిపించదు, అంచు కనిపించదు. బంగారం కరిగించి పోసినట్టుంటుంది. "ఇదేం రంగండీ, ఎక్కడ దొరుకుతుంది" అని పోటీ షాపులవాళ్ళు కూడా అడిగేవారు. "చేతి రంగు. చేతికి దొరుకుతుంది, చేతకాకపోతే దొరకదు" అని బావగారి జవాబు. అది రంగు కాదు, రేకు అన్న సంగతి ఆయనకూ, ఆయన భార్యకూ, ఆమె తమ్ముడికీ తప్ప మరో ప్రాణికి తెలియదు. బయట అనకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు.

ఆ తమ్ముడు, అంటే ఆయన అసలు సిసలు బావమరిది, ఫోన్లు బాగుచేసే షాపులో పని చేసేవాడు. ఆ షాపు మూతపడింది. అక్క ఇంటి మేడ మీది గదికి వచ్చి చేరాడు. "షాపు మూతపడి వచ్చాడు. నోరు అంతకు ముందే మూతపడింది" అని బావగారు వచ్చిన చుట్టాలందరికీ పరిచయం చేసేవారు. బావమరిది నవ్వేవాడు. మిగతావాళ్ళు సగంలో ఆపేసే జోకులకు కూడా వాడు ఆఖరిదాకా నవ్వేవాడు. అందుకే బావగారికి వాడంటే ప్రాణం.

ఇద్దరినీ కలిపింది డ్రోను. బావగారికి అది డాబా మీద చేసే డాబు. బావమరిదికి చేతులు ఖాళీగా ఉండకుండా ఉండటానికి ఒక దారి. విడిభాగాలు తెప్పించి, చట్రం బిగించి, తీగలకు టంకం పెట్టి, వాడే మొత్తం కూర్చాడు. ఊరి చివర ఖాళీ మైదానంలో ఆదివారాలు ఎగరేసుకునే సరదా క్లబ్బు ఒకటి ఉంటే అందులో ఇద్దరూ చేరారు. ఆ క్లబ్బు ప్రెసిడెంటుకు సొంత కంపెనీ ఉంది. పెద్ద పెద్ద భవనాల పైకప్పులను డ్రోన్లతో ఫొటోలు తీసి, ఎక్కడ కారుతోందో, ఎక్కడ పగిలిందో చెప్పే పని. ఒకనాడు ఆయన బావమరిది టంకాన్ని భూతద్దంతో చూసి, "చేయి బాగుంది" అన్నాడు.

తర్వాత బావగారిని పక్కకు పిలిచాడు. "మా వర్క్‌షాపులో డ్రోన్లు కూర్చేవాడు కావాలి. క్లబ్బు పోటీలో మీ డ్రోను గాలిలో కదలకుండా నిలబడి, బటన్ నొక్కగానే లేచిన చోటికే తిరిగొచ్చి దిగిందనుకోండి, మర్నాటి నుంచి మీవాణ్ణి పంపేయండి."

ఈ మాట విన్నాక ఇంట్లో గాలి మారింది. భార్య తమ్ముడి చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టింది. బావమరిది చాలాకాలం తర్వాత గడ్డం గీసుకున్నాడు. బావగారు ఉత్సాహం పట్టలేక, "పోటీకి వెళ్ళే డ్రోను బోడి తలతో వెళ్తుందా" అని దాని నెత్తి మీది నల్ల ప్లాస్టిక్ మూతను షాపుకు పట్టుకుపోయారు. ఎన్నో సాయంత్రాలు గిరాకీని పక్కన పెట్టి దాని మీద కూర్చున్నారు. రేకు పరిచారు, అదిమారు, వార్నిష్ వేశారు, చివరికి అంచు వెంట సన్నని లతలు చెక్కారు. వేలిముద్ర పడకుండా లోపల మఖమల్ ఉన్న పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చారు.

"దీన్ని మైదానంలోనే పెట్టాలి. అన్నీ అయ్యాక, అందరూ చూస్తుండగా," అన్నారు. షీల్డుల పనిలో ఆయన పద్ధతే అది. పేరు పలక ఎప్పుడూ ఆఖరున, కొనేవాడి కళ్ళ ముందే అతికించాలి.

బావమరిది మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "చాలా బాగుంది బావా," అన్నాడు.

గాలిలో డ్రోను ఒకచోట నిలబడాలంటే తాను ఎక్కడుందో దానికి తెలియాలి. ఆ సంగతి చెప్పేది జీపీఎస్. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు సంకేతాలు పంపుతుంటే, మూత కింద ఉండే చిన్న బిళ్ళ వాటిని పట్టుకుంటుంది. ఎన్ని ఉపగ్రహాలు అందాయో రిమోట్ తెర మీద అంకె పడుతుంది, అది ఆరేడైనా దాటకపోతే డ్రోను నిలబడదు. ఆ సంకేతాలు ఎంత బలహీనమంటే, పక్క వీధిలో ఎవరో చెవిలో గుసగుస చెబితే ఇక్కడి నుంచి వినడం లాంటిది. "ఉపగ్రహాల అనుగ్రహం ఉంటే నిలబడుతుంది. లేకపోతే నాకు ఆగ్రహం, వీడికి నిగ్రహం" అని బావగారు క్లబ్బులో అందరికీ పాఠం చెప్పేశారు.

మేడ మీద పరీక్షించినప్పుడల్లా అనుగ్రహానికి లోటు లేదు. పది దాటి, పన్నెండు దాటి అంకె పరుగెత్తేది. డ్రోను మేకు కొట్టినట్టు నిలబడేది. మొదటి ఆదివారం మైదానానికి స్కూటర్ మీద తీసుకెళ్ళి, బావగారు పెట్టె తెరిచి, అందరూ మెడలు సాచి చూస్తుండగా బంగారు మూత బిగించారు. క్లబ్బులో ఉన్న మందుల షాపాయన "అబ్బో, ఏం రంగండీ" అన్నాడు. అంకె మూడు దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు చూసినా మూడే. ఇంటికి తెచ్చి, మూతను భద్రంగా పెట్టెలో దాచి, మేడ మీద పెట్టి చూస్తే మళ్ళీ పన్నెండు.

వారమంతా బావమరిది దాని వెంట పడ్డాడు. కెమెరా సందడి సంకేతాలకు అడ్డు పడుతోందేమోనని బిళ్ళ తీగలను కెమెరా తీగలకు దూరంగా జరిపాడు. వీడియో పంపే పెట్టెను చట్రం కిందికి మార్చాడు. కెమెరా ఆపి చూశాడు. బిళ్ళనే మార్చి కొత్తది పెట్టాడు. ప్రతిదానికీ మేడ మీద పన్నెండు. ఏ మార్పుకు బాగుపడిందో, అసలు బాగుపడిందో లేదో కూడా తేలలేదు, ఎందుకంటే మేడ మీద అది మొదటినుంచీ బాగానే ఉంది.

బావగారు మాత్రం తేల్చేశారు. "ఇక్కడ బాగుంది, అక్కడ బాగాలేదు. మధ్యలో ఉన్నదేమిటి? రోడ్డు. స్కూటర్ కుదుపులకు ఎక్కడో నీ టంకం వదులవుతోంది. టంకం కాదది, వంకరటింకర."

"అయ్యుండొచ్చు బావా," అన్నాడు బావమరిది, అతుకులన్నీ మళ్ళీ మొదటినుంచీ పెట్టాడు.

రెండో ఆదివారం మైదానంలో అంకె మళ్ళీ మూడు దగ్గరే కూర్చుంది. బావగారు విసుగెత్తి క్లబ్బువాళ్ళతో టీ తాగడానికి పోయారు. తిరిగి వచ్చేసరికి బావమరిది గడ్డిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. బంగారు మూత ఒళ్ళో ఉంది. తెర వంక చూస్తున్నాడు. బావగారి నీడ మీద పడగానే మూతను తీసి గబగబా బిగించేశాడు.

"ఏరా, కప్పు తీశావేం? ఒప్పుకోలేదా దానికి?"

"ఊరికే, అతుకులు చూద్దామని." గడ్డి పరక తుంచుతూ అన్నాడు. "బావా, చాలామంది ఈ బిళ్ళను మూత కింద పెట్టరు. చిన్న కడ్డీ నిలబెట్టి పైన పెడతారు. మూతకు ఓ చిల్లు పెట్టి, మనమూ..."

బావగారు వెనక్కి తిరిగి టీ తాగుతున్నవాళ్ళందరికీ వినపడేలా అన్నారు. "విన్నారా, మా వాడు నా మూతకు చిల్లు పెడతాడట. ఇంతకాలం నా జేబుకే పెడుతున్నాడు."

అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. చిల్లు మాట మళ్ళీ ఎత్తలేదు.

పోటీ నాడు పొద్దున్నే బావగారు పెట్టెను గుడ్డతో తుడుస్తుంటే బావమరిది మెట్ల మీద నిలబడి ఇంకోసారి కదిపాడు. "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది బావా. మూత లేకుండా ఎగరేస్తే బరువు తగ్గుతుంది. అందరికీ చూపిద్దాం, ఎగరేసేటప్పుడు మాత్రం తీసేద్దాం."

"మూత లేకుండానా? నీకు ఉద్యోగం ఇప్పించేది ఆ డ్రోను అనుకుంటున్నావా? ఆ మూత. జనం చూసేది అదే." వంటింట్లో పని చేసుకుంటున్న భార్య అక్కడి నుంచే తమ్ముడి వంక చూసింది. వాడు తల దించుకుని స్కూటర్ తాళం తీశాడు.

మైదానం నిండా జనం. కంచె అవతల కుటుంబాలతో, పిల్లలతో నిలబడ్డారు. ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నాడు. బావగారు మూత బిగించగానే చప్పట్లు పడ్డాయి. తెర మీద మూడు.

"మూడే ఉన్నాయి బావా. ఆపేద్దాం."

"లేపరా. పైకి వెళ్తే అవే అందుతాయి. కింద ఉన్నవాడికి పైవాళ్ళు ఎప్పుడైనా అందారా?"

బావమరిది లేపాడు. చేతి నియంత్రణలో డ్రోను ఎత్తుకు వెళ్ళింది, ఎండలో మూత నిప్పులా మెరిసింది, జనం ఓహో అన్నారు. అంతలో ఓ గాలి విసురు వచ్చింది. నిలబడవలసినది నిలబడలేదు. నీళ్ళ మీద ఆకులా పక్కకు కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచి, "బటన్ నొక్కు, ఇంటికి రప్పించు" అని అరిచాడు. బావమరిది నొక్కాడు. ఇల్లెక్కడో తెలియనిదానికి ఇంటికి రమ్మంటే ఏమర్థమవుతుంది. అది కంచె వైపు, జనం నెత్తి మీదికి జరిగింది. బావమరిది పళ్ళు బిగబట్టి, రెండు బొటనవేళ్ళతో దాన్ని ఈడ్చి, కంచె వలలోకి కొట్టించాడు. రెక్కలు విరిగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మూతకు గీత కూడా పడలేదు.

అందరి చూపూ తమ మీదే ఉందని బావగారికి ఒళ్ళంతా తెలిసింది. అలాంటప్పుడు ఆయన నోరు ఆయన మాట వినదు.

"ఏం చేస్తామండీ," అన్నారు గట్టిగా. "దిక్కు తెలియనిది అది. దిక్కులేనివాడు వీడు. జోడీ కుదిరింది. నా ఇంట్లో తినడం తిన్నగానే తింటాడు, టంకం మాత్రం తిన్నగా పెట్టడు."

గుంపు గుంపంతా భళ్ళున నవ్వింది. భయం పోయిన తర్వాత వచ్చే నవ్వు, పెద్దగానే వస్తుంది. వలలోంచి విరిగిన రెక్కలు ఏరుకుంటున్న బావమరిది కూడా నవ్వాడు. మామూలుగానే అందరికన్నా ఆఖరున ఆపాడు. ప్రెసిడెంటు మాత్రం నవ్వలేదు. ఆ మర్నాడు వర్క్‌షాపులో చేరినవాడు వేరే ఎవరో.

ఆ తర్వాత బావమరిది మేడ దిగడం తగ్గించాడు. భార్య మాట తగ్గించింది. బావగారు జోకులు తగ్గించలేదు గానీ, ఇంట్లో అవి గోడకు కొట్టిన బంతుల్లా తిరిగి ఆయన దగ్గరికే వచ్చేవి. పోనీ వాడి టంకం తప్పేనని ఒక్కసారి కళ్ళతో చూసేస్తే మనసు కుదుటపడుతుందనిపించింది. ఒక సాయంత్రం వాడు బయటికి వెళ్ళినప్పుడు డ్రోనును మేడ మీదికి తెచ్చి, బ్యాటరీ పెట్టి, చట్రాన్ని చేత్తో పట్టుకుని స్కూటర్ కన్నా ఘోరంగా కుదిపారు. పన్నెండు. తలకిందులు చేసి, నిటారుగా పెట్టి, నేల మీద దబ్బున పెట్టారు. మళ్ళీ పన్నెండు. ఒక్క అతుకూ వదులు కాలేదు.

పెట్టె పక్కనే ఉంది. మూతను చూసి చాలా రోజులైంది. ముద్దొచ్చి తీసి, ఎలా ఉంటుందోనని డ్రోను నెత్తిన పెట్టారు.

అంకె దిగడం మొదలుపెట్టింది. తొమ్మిది. ఆరు. మూడు.

తీశారు. కాసేపటికి పన్నెండు. పెట్టారు. మూడు. మబ్బు పట్టిందేమోనని పైకి చూశారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు. ఆయన చేతి కిందే, ఆయన చేతి పనితనం కిందే, అంకె పడుతూ లేస్తూ ఉంది. రేకు. తను పొర మీద పొరగా, ఒక్క సందు లేకుండా అదిమిన ఇత్తడి రేకు. గుసగుస వినవలసిన చెవి మీద తీసుకెళ్ళి ఇత్తడి గిన్నె బోర్లించారు.

మొదట వచ్చిన ఆలోచన పెట్టెను అటక మీద పారేయాలని. ఎవరికీ తెలియదు కదా అని. రెండో ఆలోచన, కిందికి వెళ్ళి చెప్పేయాలని. మనిషి మరీ చెడ్డవాడు కాదు గనుక రెండోదాన్ని పట్టుకుని మెట్లు దిగారు.

భార్య తమ్ముడి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమోయ్. తప్పు వాడి టంకంది కాదు. నా మూతది."

"తెలుసు," అంది ఆమె. ఇస్త్రీ ఆపలేదు.

"ఏం తెలుసు?"

"రేకు అడ్డమని. రెండో ఆదివారం ఇంటికి రాగానే చెప్పాడు వాడు. మీరు టీకి వెళ్ళినప్పుడు తీసీ పెట్టీ చూశాడట."

బావగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనే వద్దన్నాను."

"నువ్వా? నీ తమ్ముడి ఉద్యోగమే."

"అవును. నా తమ్ముడే." ఆమె చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. "ఆ మూత తీసేయమంటే మీరు కోప్పడరు. కోప్పడితే బాగుండేది, కాసేపట్లో పోతుంది. మీరు జోకేస్తారు. ఆ పూట, ఆ మర్నాడు, చుట్టాలొచ్చినప్పుడు, షాపులో. వాడికి గడ్డం నెరిసేదాకా అదే. కడ్డీ పెడదామన్నందుకే ఎంతమందిని పిలిచి చెప్పారో విన్నాను."

"సరదాకి అన్నదాన్ని పట్టుకుని..."

"పెళ్ళైన కొత్తలో నేను పని చేసుకుంటూ పాడుకునేదాన్ని. గుర్తుందా?"

ఆయనకు గుర్తు లేదు.

"మానేశాను," అంది ఆమె, ఇంకో చొక్కా తీసుకుంది. "అయినా వాడు చెప్పలేదని ఎందుకంటారు? కడ్డీ అన్నాడు. పోటీ నాడు పొద్దున్న గాలి ఎక్కువుంది, మూత తీద్దామన్నాడు. మూడే ఉన్నాయి, ఆపేద్దామన్నాడు. ఇంకెలా చెప్పాలి మీకు? ఈ ఇంట్లో అంతకన్నా గట్టిగా మాట్లాడటం మా ఇద్దరికీ రాదు."

బావగారి నోట్లో ఒక మాట తయారైంది. అలవాటు కొద్దీ దానికి రెండర్థాలున్నాయి. జీవితంలో మొదటిసారి దాన్ని మింగేశారు.

మర్నాడు షాపు తెరవకుండా, మూత ఉన్న పెట్టె చంకన పెట్టుకుని ప్రెసిడెంటు వర్క్‌షాపుకు వెళ్ళారు. పొడుగాటి బల్లల మీద రెక్కలూడిన డ్రోన్లు ఆపరేషనుకు పడుకోబెట్టినట్టు ఉన్నాయి. కొత్తగా చేరినవాడు ఓ మూల తీగలు ఒలుస్తున్నాడు. ప్రెసిడెంటు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు.

"మీరే వచ్చారా. నేనే ఫోన్ చేద్దామనుకున్నాను బావగారూ. ఆ రోజు మీవాడు దాన్ని వలలోకి కొట్టించాడు చూడండి, అది నా కళ్ళ ముందే తిరుగుతోంది. గట్టి చేయి. మాకు పని పెరిగింది, ఇంకొకడు కావాలి. ఆ తప్పేమిటో దొరికిందా? బిళ్ళదే లోపమైతే చెప్పండి, మీవాణ్ణి రేపే రమ్మందాం."

ఇన్నాళ్ళూ నోటితో తీసిన బావమరిది పరువును ఇప్పుడు నోటితోనే నిలబెట్టే అవకాశం వచ్చిందనుకున్నారు బావగారు. పెట్టె తెరిచారు. ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పని మాట చెప్పేశారు. "ఇది రంగు కాదండి. రేకు. ఇత్తడి రేకు. నా తప్పు."

ప్రెసిడెంటు మూతను వేలితో తట్టి చూశాడు. "ఓహో. మేమంతా రంగనుకున్నాం. మరి పైనుంచి ఏం అందుతుంది?"

"అదే. మా వాడు రెండో ఆదివారమే కనిపెట్టేశాడు," అన్నారు బావగారు, గర్వంగా. "మీరెవరూ కనిపెట్టలేదు, నేనూ కనిపెట్టలేదు. వాడు కనిపెట్టాడు."

ప్రెసిడెంటు మూతను మెల్లగా పెట్టెలో పెట్టాడు. "అంటే పోటీ రోజున వాడికి తెలుసా?"

అప్పటికి గానీ బావగారికి తానెక్కడ కాలు పెట్టారో తెలియలేదు. "తెలుసు. కానీ నాకు చెప్పలేక..."

"తెలిసీ లేపాడు."

"నేను లేపమన్నానండి. ఆపేద్దామన్నాడు వాడు. నేనే..."

"కంచె అవతల పిల్లలున్నారు బావగారూ." ఆయన గొంతు పెరగలేదు. "తెలియక లేపాడనుకున్నాను. తెలియనివాడికి నేర్పుకుంటాను. నా డ్రోన్లు మనుషుల నెత్తి మీద తిరుగుతాయి. ఎగరెయ్యమని నేను అరిచినా, తప్పుంది, ఎగరెయ్యను అని రిమోట్ కింద పెట్టేసేవాడు కావాలి నాకు. మీ మాట దాటలేనివాడు రేపు నా మాటా దాటడు. నాకు దాటేవాడు కావాలి."

"నా ఇంట్లో ఉంటున్నాడు కదండీ, అందుకని. అంతే. లేకపోతే వాడు..."

"అర్థమైంది," అన్నాడు ప్రెసిడెంటు. నిజంగానే అర్థమైనట్టుంది. అందుకే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మూల కూర్చున్న కొత్తవాడు తీగలు ఒలుస్తూనే ఉన్నాడు.

ఈ సంగతి బావగారు ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ఎక్కువ సమయమూ దొరకలేదు. ఆ వారంలోనే బావమరిదికి ఊరి అవతల పార్సిళ్ళ గోదాములో పని దొరికింది. పెట్టెల మీది చీటీలకు యంత్రం చూపించి, కుడివైపుకో ఎడమవైపుకో తోయడం. అక్కడే నలుగురితో కలిసి గది. సంచీ సర్దుకుంటుంటే బావగారు మేడ ఎక్కి వెళ్ళారు. విరిగిన రెక్కలు మార్చి, దుమ్ము తుడిచి, డ్రోనును కిటికీ దగ్గర పెట్టి ఉంచాడు వాడు.

"తీసుకెళ్ళరా. నువ్వు చేసిందే కదా."

"అక్కడ చోటుండదు బావా. మీ దగ్గరే ఉండనీయండి."

"మీ అక్క అంతా చెప్పింది."

బావమరిది సంచీ జిప్పు లాగుతూ ఆగాడు. వాడి ముఖంలో ఒక్క క్షణం భయం కనిపించింది. దొరికిపోయినవాడి భయం. "అది... నేను సరిగ్గా చూసుకోలేదు బావా. అప్పటికి ఖాయంగా తెలియదు."

"ఖాయంగా తెలుసు నీకు." బావగారు మంచం అంచున కూర్చున్నారు. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. నా మీద కోపం ఉందా?"

"అయ్యో, ఎందుకు బావా? మీరేం చేశారు?"

"అంతమందిలో దిక్కులేనివాడన్నాను."

"సరదాకి కదా."

"నీకు నవ్వొచ్చిందా?"

"వచ్చింది బావా," అన్నాడు వాడు. అంటూనే నవ్వాడు. "భలే అన్నారు."

ఆ ముఖంలో ఇంకేమైనా దొరుకుతుందేమోనని బావగారు చాలాసేపు చూశారు. తిట్టినా బాగుండేది. ఓ తిట్టు తిడితే దాన్ని పట్టుకుని ఏడ్చేవారు, కాళ్ళు పట్టుకునేవారు, ఏదో ఒకటి చేసేవారు. వాడు మర్యాదగా నిలబడి ఉన్నాడు. ఆ మర్యాదలో ఎక్కడా సందు లేదు.

బస్సు స్టాపు దాకా సంచీ తానే మోశారు. వాడు వద్దన్నా వినలేదు. దారంతా ఆయన ఏమీ అనలేదు. ఆయన మౌనం బావమరిదికి అలవాటు లేదు. రెండు మూడు సార్లు పక్కకు తిరిగి, పెదాల మీద నవ్వు సిద్ధంగా పెట్టుకుని, జోకు కోసం ఎదురుచూశాడు. జోకు రాలేదు. స్టాపులో నిలబడ్డప్పుడు కూడా ఆ నవ్వు అలాగే, పని తప్పించుకోకూడదన్నట్టు, పెదాల మీదే పెట్టుకుని ఉన్నాడు. బస్సు వచ్చింది. బావగారు సంచీ అందించారు. వాడు మెట్టెక్కి, లోపలికి పోకుండా వెనక్కి తిరిగి చూశాడు.

"జాగ్రత్తగా వెళ్ళు," అన్నారు బావగారు.

అందులో రెండో అర్థం ఏదీ లేదు. బావమరిది నవ్వాడు.